విరామ వేళ : గాలము, బెండు, కొంత ఓపిక

గత సంచికలో చెరువు గట్టున కనిపించే పక్షులను గురించి వ్రాస్తూ, అక్కడే గాలం వేసుకొని కూర్చునే మిత్రులను మాటవరుసకు ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు పక్షులకు రాలేదు. మన టౌన్‌షిప్‌లో ఇందరు గాలపురాయుళ్ళు ఉన్నారని సంపాదకులకు కూడా తెలియదట. ఉత్తరాలలో ఎక్కువ భాగం "ఏ ఎర మంచిది, ఏ వేళ మంచిది" అని అడిగినవి. రెండు మూడు మాత్రం "ప్రాణిని హింసించడం కూడా విరామకాలపు వినోదమేనా?" అని నిలదీసినవి. మొదటి ప్రశ్నకు సమాధానం పొడుగైనది, రెండవదానికి పొట్టిది. బజారులో కొన్న చేపకు కూడా ఒకప్పుడు ప్రాణం ఉండేది. చేపలు తిననివారిని ఒప్పించే ప్రయత్నం నేను చేయను. అయితే, గాలం వేసినవాడు తాను పట్టినదానికి తానే జవాబుదారీ అన్న మాటను పూర్తిగా అంగీకరిస్తాను. ఈ వ్యాసంలో సగం ఆ జవాబుదారీతనం గురించే.

గాలం వేయడం దొరలు మనకు నేర్పిన ఆట అని కొందరి అభిప్రాయం. అది సరికాదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో రచించిన 'మానసోల్లాసం' అనే గ్రంథంలో రాజోచితమైన వినోదాలలో ఒకటిగా మత్స్యవినోదాన్ని వర్ణించాడు. ముప్పైకి పైగా చేపల పేర్లు, అవి ఉండే తావులు, వాటికి వేయవలసిన మేత, గాలం వేసే తీరు అందులో కనిపిస్తాయి. నేటి తెలంగాణలోని పెక్కు ప్రాంతాలు ఆనాడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనివే. ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయాన్ని పరిశీలించి, అందులోని చేపలను నేటి జాతులతో పోల్చి చూశారు. ఆంగ్లేయుల వంతు చాలా తరువాత వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకాన్ని 1873లో ప్రచురించాడు. కాబట్టి ఆదివారం నాడు వెదురుకర్ర భుజాన వేసుకొని బయలుదేరే ఉద్యోగి ఎవరినీ అనుకరించడం లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. గాలానికి చిక్కే మంచినీటి చేపలను మన సౌకర్యం కొరకు రెండు తెగలుగా చూడవచ్చు. మేత మేసేవి ఒక తెగ, వేటాడేవి మరొక తెగ. బొచ్చె, రోహు, మోసు, పరిగెలు మొదటి తెగలోనివి. కొర్రమీను, వాలుగ రెండవ తెగలోనివి. ఈ తేడా కేవలం తిండికి సంబంధించినది కాదు. గాలం వేసే పద్ధతి అంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది. బొచ్చె, రోహు, మోసులకు అసలు జీర్ణాశయమే ఉండదు, పొడవైన పేగు మాత్రమే ఉంటుంది. అందుచేత అవి కొద్దికొద్దిగా పలుమార్లు తింటాయి. వాలుగ అలా కాదు. ఒకసారి పెద్ద చేపను మింగితే అరిగేదాకా కదలదు. మేసే చేపను ఒక చోటికి రప్పించి, అక్కడ నిలిపి ఉంచాలి. వేటాడే చేప ఉన్న చోటికి మనమే వెళ్ళాలి.

మేసే చేపల విషయంలో కొత్తవారు సామాన్యంగా చేసే పొరపాటు లోతుకు సంబంధించినది. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పై పొరలలో తేలే సూక్ష్మజీవులు దాని ప్రధానాహారం. రోహు నడిమి పొరలలో తిరుగుతుంది. మోసు అడుగున బురదలో వెదుక్కుంటుంది. మన చేపల చెరువులలో ఈ మూడింటిని కలిపి పెంచడానికి కారణం కూడా ఇదే; ఒకదాని తిండికి మరొకటి పెద్దగా అడ్డు రాదు. రైతులకు ఇంత బాగా తెలిసిన సంగతిని గాలం వేసేవారు మరచిపోయి, మూడు చేపలకూ ఒకే లోతున ఎర వ్రేలాడదీస్తారు. దారానికి ఒక సీసపు గుండు కట్టి ముందుగా అడుగు ఎంత దూరంలో ఉందో కొలవండి. మోసు కావలసివస్తే ఎర అడుగును తాకుతూ ఉండాలి. రోహుకు అడుగునుంచి జానెడు, మూరెడు ఎత్తున ప్రయత్నించి చూడాలి. బొచ్చెకు ఎరను మరింత పైకి తేవాలి. ఈ కొలతకు పట్టేది అయిదు నిమిషాలు. దానిని చేయనివారు అయిదు గంటలు కూర్చొని, చెరువు మీద అలిగి ఇంటికి వస్తారు.

బెండు చెప్పే భాష కూడా కొంత నేర్చుకోవాలి. బెండు మునిగితేనే చేప తిన్నదని భావించరాదు. అడుగున ఉన్న ఎరను మోసు నోట కరచుకొని పైకెత్తినప్పుడు సీసపు బరువు దారం మీదనుంచి తొలగిపోతుంది. అప్పుడు నిటారుగా ఉన్న బెండు పైకి లేచి నీటిమీద పడుకుంటుంది. బొచ్చె ఎరను కొరకదు, మెత్తగా పీల్చుకుంటుంది. కాబట్టి బెండు ఒక నూలు పోగంత కదిలి ఆగిపోవచ్చు. బెండు సన్నగా, తేలికగా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. బజారులో దొరికే నిమ్మకాయంత రంగురంగుల బెండ్లు చూడడానికి ముచ్చటగా ఉంటాయి కాని, చేప చెప్పిన మాట మనదాకా రానివ్వవు.

ఎరల విషయంలో రహస్యాలు లేవు. వానపాము దాదాపు అన్నిటికీ పనికివస్తుంది. దాని దోషం ఏమిటంటే, పరిగెలు, జెల్లలు ముందుగా వచ్చి పీకి తినిపోతాయి. రోహు, బొచ్చెలకు పిండి ముద్దే మేలు. గోధుమపిండి రెండు పాళ్ళు, వేరుశనగ చెక్క పొడి ఒక పాలు కలిపి, చపాతీ పిండికంటె కొంచెం మెత్తగా పిసికి, తడిగుడ్డలో చుట్టి అరగంట ఉంచాలి. గాలానికి పెట్టిన ముద్ద నీటిలో పది నిమిషాలు నిలవాలి, ఆ తరువాత కరగడం మొదలుపెట్టాలి. రాయిలా ఉన్న ముద్దను బొచ్చె ముట్టదు. చేపలను రప్పించడానికి తవుడు, చెక్క కలిపిన రెండు పిడికిళ్ళ ముద్దను ముందుగా ఆ చోట వేసి అరగంట ఆగండి. కొందరు బస్తాలు గుమ్మరిస్తున్నారు. దానివలన చేపకు కడుపు నిండుతుంది, మిగిలినది అడుగున కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. రెండు విధాలా నష్టమే.

ఈ విద్యలో మన దేశంలో బెంగాలీలను మించినవారు లేరని నా అభిప్రాయం. దుర్గాపూర్, కలకత్తాల నుంచి బదిలీ అయి వచ్చిన సహోద్యోగులను అడిగి చూడండి. అక్కడ చెరువులకు టిక్కెట్టు కొని, ఆదివారమంతా ఒకే పీట మీద కూర్చొని గాలం వేస్తారు. మెంతులు వేయించి దంచి కలిపిన మేత ముద్దలు, చెట్లమీది ఎర్రచీమల గుడ్లు వారి సంచిలో ఉండే సరుకు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాళీ ఉంటుంది. అది తండ్రి కొడుకుకు కూడా సగమే చెబుతాడని వారిలో వారికి పరిహాసం. మసాలా పాళ్ళకంటె వారి వద్ద నేర్చుకోవలసినది వారి నిశ్చలత్వం. గట్టుమీద బరువుగా నడిస్తే ఆ అదురు నీటిలోకి పోతుంది. చేపకు చెవి బయటికి కనబడదు కాని, దాని పార్శ్వరేఖ నీటిలోని చిన్న కదలికను కూడా పట్టుకుంటుంది.

ఏ వేళ మంచిది అన్న ప్రశ్నకు "తెల్లవారుజామున" అని అందరూ చెప్పే సమాధానం సగమే నిజం. తేటనీటి జలాశయంలో, ముఖ్యంగా వేసవిలో, తెల్లవారుజాము మంచిదే. కాని పశువుల ఎరువు, మురుగు చేరి ఆకుపచ్చగా మారిన ఊరి చెరువులో అది అన్నిటికంటె చెడ్డ వేళ. పగలు సూర్యరశ్మిలో నాచు ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి ఆ నాచు కూడా చేపలతో పాటు ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందుచేత సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తూ ఉంటాయి. "ఎన్ని చేపలో!" అని సంబరపడి గాలం వేసినా ప్రయోజనం లేదు, ఊపిరాడనివాడు భోజనం చేయడు. ఎండ వచ్చి రెండు గంటలు గడిచిన తరువాత వెళ్ళండి. వరుసగా రెండు మూడు రోజులు ముసురు పట్టినా ఇదే పరిస్థితి. గాలి ఒకే దిక్కునుంచి వీస్తున్నప్పుడు, ఆ గాలి తాకే గట్టువైపు కూర్చోవాలి. తేలే మేత అంతా అటే చేరుతుంది. మొగం మీద గాలి కొట్టడం చిరాకే అయినా చేపలు అక్కడే ఉంటాయి. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు దిగువకు పోతే మన చేపలు మందగిస్తాయి. విద్యుత్ కేంద్రాల వేడినీటి కాలువ కలిసే చోట శీతకాలంలో చేపలు గుమికూడడం మనలో చాలామంది చూసినదే. అమావాస్య, పౌర్ణముల మాట నన్ను అడగవద్దు; ఆ వాదానికి గట్టు మీద కావలసినంత తీరిక ఉంటుంది.

సామగ్రికి వస్తే, ఖరీదైన రీళ్ళపై నాకు పెద్ద గౌరవం లేదు. జనరల్ మేనేజరు గారి గాలమైనా, ఖలాసీ గారి గాలమైనా చేపకు ఒకటే. గట్టు పక్కన చేపకు పదడుగుల వెదురు చాలు. గాలాల అంకెలు తిరకాసుగా ఉంటాయి. అంకె పెరిగిన కొద్దీ గాలం చిన్నదవుతుంది. ఒకటి దాటిన తరువాత సున్నా చేర్చిన అంకెలతో మళ్ళీ పెద్దదవుతుంది. పరిగెలకు 14 లేక 16, రోహుకు 4 లేక 6, కొర్రమీనుకు ఒకటి బై సున్నా నుంచి మూడు బై సున్నా వరకు సరిపోతాయి. డబ్బు పెట్టదలిస్తే దారం మీద పెట్టండి, ఏడాదికొకసారి మార్చండి. నైలాను దారం ఎండకు బలం కోల్పోతుంది. ముడి బిగించే ముందు దానిని ఉమ్మితోనో నీటితోనో తడపాలి. పొడిగా బిగించిన ముడి రాపిడి వేడికి బలహీనపడుతుంది. పెద్ద చేప తెంపుకొని పోయిందని చెప్పే కథలలో చాలావాటికి మూలం ఆ పొడి ముడే.

వేటాడే చేపలలో మొదట చెప్పవలసినది కొర్రమీను. తెలంగాణ దీనిని రాష్ట్ర మత్స్యంగా స్వీకరించింది. దీని బంధువులలో పూమీను ఇంకా పెద్దది, మట్టగిడస చిన్నది. కొర్రమీను మొప్పలతో పాటు తలలోని ఒక ప్రత్యేకమైన గదితో నేరుగా గాలిని పీలుస్తుంది. ఎంత మంచి నీటిలో ఉన్నా దానిని పైకి రానివ్వకపోతే ఊపిరాడక చనిపోతుంది. బజారులో బక్కెట్లో అది గంటల తరబడి బ్రతికి ఉండడానికి కారణమూ ఈ గదే. గాలం వేసేవానికి ఇది పెద్ద సౌకర్యం. ఓపికగా చూస్తే తామరాకుల నడుమ, తూటికాడల అంచున అది గాలి కొరకు పైకి వచ్చే చిన్న చప్పుడు, ఒక బుడగ దాని ఉనికిని చెబుతాయి. కప్ప ఆకారంలో ఉన్న రబ్బరు ఎరను ఆ చోటికి రెండు గజాల ఆవల వేసి, ఆకుల మీదుగా ఆగి ఆగి లాక్కురావాలి. నీరు పగిలినట్లు చప్పుడు కాగానే లాగవద్దు. ఎర నోటిలో తిరిగేదాకా, మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి అప్పుడు లాగాలి. ప్రాణమున్న కప్పను గాలానికి గుచ్చే పాత పద్ధతి నాకు నచ్చదు. రబ్బరు కప్ప అంత పనీ చేస్తున్నప్పుడు ఆ హింస అనవసరం.

ఇప్పుడు ఈ వ్యాసంలో నేను అన్నిటికంటె ముఖ్యమనుకొనే విషయం. కొర్రమీను తొలకరి వానల తరువాత లోతు తక్కువ నీటిలో, కలుపు నడుమ గుండ్రని చోటు శుభ్రం చేసుకొని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిమీద తేలుతాయి, దాదాపు ఒక రోజులోనే పిల్లలవుతాయి. ఎర్రని పిల్లలు వందల సంఖ్యలో ఒకే గుంపుగా తిరుగుతూ, ఒక్కసారిగా గాలి కొరకు పైకి వస్తుంటాయి. ఆ చోట సన్నని చినుకులు పడుతున్నట్లు నీరు అదురుతుంది. కొన్ని వారాల పాటు తల్లిదండ్రులు ఆ గుంపు క్రిందనే కాపలా ఉంటాయి.

మొన్న వానాకాలంలో ఒక జలాశయం గట్టున, కొత్తగా చేరిన ట్రెయినీ ఒకరికి, వల బాగుచేసుకుంటున్న వృద్ధ మత్స్యకారునికి జరిగిన సంభాషణ విన్నాను.

"తాతా, అక్కడ నీళ్ళు ఎర్రగా మరుగుతున్నట్టున్నాయేమిటి?"

"అవి కొర్రపిల్లలు బాబూ. కింద తల్లీ తండ్రీ ఉంటాయి."

"అయితే గాలం అక్కడే వేస్తే పడుతుందన్నమాట."

"ఎందుకు పడదు? రెండూ పడతాయి. రేపు పొద్దుటికి ఆ పిల్లల్లో మిగిలేవి ఏవీ ఉండవు. రెండేళ్ళు పోయాక నువ్వొచ్చి ఇదే గట్టుమీద ఊరికే కూర్చుంటావు."

ఆ యువకుడు గాలాన్ని వేరొకవైపు వేశాడు. ఆ రోజు అతనికి ఏమీ పడలేదు.

పిల్లల గుంపు మీద గాలం వేయడం ఇప్పుడు చాలాచోట్ల గొప్ప నైపుణ్యంగా చెలామణి అవుతున్నది. ఇందులో నైపుణ్యం ఏమీ లేదు. ఆ చేప ఆకలితో ఎరను పట్టదు. పిల్లలపైకి వచ్చినదానిని తరిమివేయడానికి కరుస్తుంది. ఏ వస్తువు వేసినా కరుస్తుంది. తల్లిదండ్రులు పోయిన గుంపును పరిగెలు, జెల్లలు, నీటిపక్షులు, తోటి కొర్రమీనులే కబళిస్తాయి. ఒక చేపకు ఒక తరం మొత్తం మూల్యం. జూన్ నుంచి ఆగస్టు వరకు మన టౌన్‌షిప్ మిత్రులు కొర్రమీను జోలికి పోరాదని నా మనవి. ఆ మూడు నెలలు పరిగెలు ఉన్నాయి, మోసు ఉన్నది. పొరపాటున కాపలా చేప గాలానికి చిక్కితే, అక్కడే, అప్పుడే నీటిలోకి విడిచిపెట్టండి. అది తిరిగి గుంపును చేరుకునే అవకాశం ఉంటుంది. పట్టిన చోటునుంచి అర కిలోమీటరు నడిచి ఫొటో తీయించుకొని వదిలితే ఏమీ ప్రయోజనం లేదు.

వాలుగ మరొక తరహా. కంటిని దాటి వెనుకకు పోయే నోరు, వరుసలు తీరిన సన్నని పళ్ళు, మీటరున్నర దాటి పెరిగే శరీరం దానివి. రాత్రివేళ, మడుగులలో, వంతెన స్తంభాల నీడలో వేటాడుతుంది. నైలాను దారాన్ని పళ్ళతో కోసివేస్తుంది కాబట్టి గాలానికి పైన జానెడు ఉక్కుతీగ తప్పనిసరి. ఒకప్పుడు గోదావరి, కృష్ణలలో సామాన్యంగా దొరికిన ఈ చేప ఇప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో అపాయంలో ఉన్న జాతులలో చేరింది. వరదనీటికి ఎదురీది గుడ్లు పెట్టవలసిన చేప ఇది. ఆనకట్టలు, వలలు, ఇసుక తవ్వకాలు కలిసి దానిని ఈ స్థితికి తెచ్చాయి. పెద్ద వాలుగ పడితే నేనైతే విడిచిపెట్టమనే చెబుతాను. నిర్ణయం మీది.

విడిచిపెట్టడమంటే నీటిలోకి విసరడం కాదు. చేప ఒంటిమీది జిగురు దానికి కవచం. పొడి చేతులతో, తువ్వాలుతో పట్టుకుంటే ఆ జిగురు ఊడి, ఆ చోట బూజు పట్టి వారం తరువాత చనిపోతుంది. వదిలినవాడు మాత్రం ప్రాణదానం చేశానని సంతృప్తిగా ఉంటాడు. చేతులు తడిపి పట్టుకోండి. మొప్పలలో వేళ్ళు పెట్టవద్దు. గాలానికి వెనుకకు తిరిగి ఉండే చిన్న ముల్లును ముందుగానే శ్రావణంతో నొక్కివేస్తే, గాలం క్షణంలో ఊడివస్తుంది. చేపను నీటి బయటికి తీసినప్పుడు మీరు కూడా ఊపిరి బిగబట్టండి. మీకు ఇబ్బంది అయ్యేటప్పటికి దానికీ ఇబ్బంది మొదలై ఉంటుంది. మన వేసవి నీటిలో చేపను ఎక్కువసేపు ఆడిస్తే అలసటతోనే చనిపోతుంది. సన్నని దారంతో గంటసేపు పోరాడడం క్రీడాధర్మం అనేవారితో నేను ఏకీభవించను. గట్టి దారం కట్టి త్వరగా ఒడ్డుకు తీసుకురావడమే ధర్మం. తినదలచినదానిని మాత్రం గట్టున కొట్టుకోనివ్వకుండా వెంటనే చంపివేయాలి.

ఈ సందర్భంలో కావేరి మహసీర్ కథ చెప్పుకోవాలి. 1946లో కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే మైసూరు నివాసి 120 పౌన్ల మహసీర్‌ను గాలంతో పట్టాడు. అంటే సుమారు 54 కిలోలు. 1970 దశకం నుంచి కావేరి తీరాన గాలపు శిబిరాలు వెలిసి, పట్టిన చేపను తూచి తిరిగి వదిలిపెట్టే పద్ధతి స్థిరపడింది. అక్కడివారు ఎవరు, ఎప్పుడు, ఎన్ని గంటలు కూర్చుని, ఏ చేపను పట్టారో పుస్తకంలో వ్రాసి ఉంచారు. గాలిబోరె శిబిరంలోని 1998 నుంచి 2012 వరకు గల ఆ నమోదులను శాస్త్రవేత్తలు తరువాత పరిశీలించినప్పుడు ఒక విషాదం బయటపడింది. కావేరికే సొంతమైన మూపురపు మహసీర్ ఏటేటా తగ్గిపోతూ వచ్చింది. దాని స్థానాన్ని, లోనావాలా కేంద్రంలో ఉత్పత్తి చేసి నదులలో వదలిన నీలిరెక్కల మహసీర్ ఆక్రమించింది. మంచి ఉద్దేశంతో వదలిన పిల్లలే స్థానిక జాతికి పోటీ అయ్యాయి. 2018లో మూపురపు మహసీర్‌ను తీవ్రమైన విలుప్తి ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. ఈ సంగతి లోకానికి తెలియడానికి ఆధారం గాలం వేసేవారి నోటుపుస్తకాలే. మీరు కూడా ఒక పుస్తకం పెట్టండి. తేదీ, కూర్చున్న గంటలు, చేప రకం, పొడవు, ఏమీ పడని రోజులు కూడా వ్రాయండి. ఏమీ పడని రోజులను దాచే అలవాటు మనలో కొంత ఉన్నది.

పిల్లలను వదిలే మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఇంట్లో అద్దపు తొట్టెలో పెంచి విసుగెత్తిన రంగు చేపలను, ఒంటినిండా గట్టి పలకలుండే విదేశీ సక్కర్ చేపలను చెరువులో వదిలేవారు ఉన్నారు. దయచేసి వద్దు. ఆ చేప ఇప్పటికే మన చెరువులలో పాతుకొనిపోయి, వలలు చింపి, మత్స్యకారులను ఏడిపిస్తున్నది.

ఆ చెరువు ఎవరిది అన్న ప్రశ్నను మన ఉద్యోగులు సామాన్యంగా వేసుకోరు. ఊరి చెరువులు చాలావరకు మత్స్యకారుల సహకార సంఘాల ఆధీనంలో ఉంటాయి. వారు కౌలు కట్టి, పిల్లలను వదిలి, ఏడాది పొడవునా కావలి కాస్తారు. మనకు ఆదివారపు వినోదమైనది బెస్తలకు, ముదిరాజులకు, జాలరులకు ఏడాది బ్రతుకు. సంఘం అధ్యక్షుని కలిసి, "అన్నా, ఈ పూట ఇక్కడ కూర్చోవచ్చునా?" అని అడిగితే కాదనేవారిని నేను చూడలేదు. పడిన చేపకు ధర కట్టి ఇవ్వడం మర్యాద. అడగకుండా కూర్చొని, అడిగినప్పుడు సంస్థ గుర్తింపు కార్డు చూపించడం మన సంస్థకే తలవంపు. జలాశయాలకు మత్స్యశాఖ అనుమతి అవసరమేమో ముందుగా తెలుసుకోండి. హిమాచల్ ప్రదేశ్ వంటి రాష్ట్రాలు వర్షాకాలపు సంతానోత్పత్తి వేళలో రెండు నెలలు చేపల వేటను నిషేధిస్తాయి. బదిలీపై వెళ్ళినవారు ఆయా రాష్ట్రాల నియమాలు విచారించుకోవాలి. ఇక పేలుడు పదార్థాలతోను, విషంతోను చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పేర్కొన్నది. మూల చట్టంలో శిక్ష రెండు నెలల ఖైదు లేక 200 రూపాయల జరిమానా. ఆనాడు 200 రూపాయలు చిన్న మొత్తం కాదు. ఒక్క పేలుడుకు చచ్చిన చేపలలో తేలేవి కొన్నే. మిగిలినవి అడుగున మునిగి కుళ్ళిపోతాయి. గనుల ప్రాంతాలలో పనిచేసే మిత్రులకు నేను ఇంతకంటె వివరించనక్కరలేదు.

భద్రత గురించి చెప్పకపోతే మన పత్రికలో ఏ శీర్షికా పూర్తికాదు. ఇది పరిహాసం కాదు. కార్బన్ నారతో చేసిన నేటి గాలపు కర్రలు విద్యుత్తును చక్కగా ప్రవహింపజేస్తాయి. కాలువ గట్టు వెంబడి పోయే విద్యుత్ తీగల క్రింద అటువంటి పదిహేనడుగుల కర్రను పైకెత్తడమంటే ప్రాణాలతో చెలగాటమే. తడిసిన వెదురు కూడా క్షేమం కాదు. పర్మిట్ లేనిదే స్విచ్ ముట్టని మనవారు ఆదివారం నాడు తల పైకెత్తి చూడరు. ఉరుములు వినబడగానే కర్రను నేలమీద పెట్టి దూరంగా పోవాలి. ఆనకట్టల దిగువన నదీగర్భంలోని బండలమీద కూర్చోవడం మరొక ప్రమాదం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో, ఎగువ ఆనకట్ట నుంచి విడుదలైన నీటిలో, హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకుపోయారు. ఎండ కాస్తూ ఉంటుంది, వాన ఉండదు, నీరు మాత్రం నిమిషాలలో పెరుగుతుంది. దిగువన కూర్చునేవారు నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకొని మాటిమాటికీ చూస్తూ ఉండాలి. అది మునగడం మొదలైతే సామాను వదిలి గట్టెక్కాలి.

ఇంగిలాయి, జెల్ల పడితే ప్రక్క ముళ్ళ జోలికి చేయి పోనివ్వకండి. ముఖ్యంగా ఇంగిలాయి ముల్లు విషపూరితం; బాధ మోచేతిదాకా ప్రాకుతుంది. చర్మం కాలనంత వేడిగా ఉన్న నీటిలో, సుమారు 45 డిగ్రీల వద్ద, చేతిని అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే విషం శక్తి తగ్గి నొప్పి ఉపశమిస్తుంది. తరువాత వైద్యుని చూపించి, ధనుర్వాతం టీకా సంగతి అడగండి. గాలం వేలిలో లోతుగా దిగితే ఎదురు లాగవద్దు. వెనుకముల్లు కండను చీల్చుకొని వస్తుంది. దారం తెంపి, గాలంతోనే ప్రథమ చికిత్స కేంద్రానికి వెళ్ళండి. వెనుకముల్లు నొక్కివేసిన గాలమైతే అంత బాధ ఉండదు. చేపకు చేసిన ఉపకారం మనకు కూడా దక్కుతుంది. తెగిన దారాన్ని గట్టున వదలకుండా జేబులో వేసుకొని తెచ్చుకోండి. కొంగల కాళ్ళకు చుట్టుకొనే ఉరి అదే.

బూడిదనీటి చెరువులు, కర్మాగారపు వ్యర్థజలాలు చేరే కాలువలలో పట్టిన చేపలను ఇంటికి తీసుకువెళ్ళవద్దు. వేడినీటి కాలువ వేరు, వ్యర్థజలపు కాలువ వేరు. పాదరసం వంటి లోహాలు చిన్న చేపనుంచి పెద్ద చేపకు చేరుతూ, వేటాడే చేప కండలో అన్నిటికంటె ఎక్కువగా పోగవుతాయి. వండినంత మాత్రాన అవి పోవు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

చివరిగా ఒక సోదరి ఉత్తరం. ఎనిమిదేళ్ళ కొడుకు గాలం కావాలని మారాం చేస్తున్నాడట, ఏ రీలు కొనమంటారని అడిగారు. రీలు వద్దమ్మా. ఆరడుగుల సన్నని వెదురు, అంతే పొడవు దారం, నెమలి ఈక కాడ బెండు, 16 నంబరు గాలం, ఒక బ్రెడ్డు ముక్క చాలు. పరిగెలకు ఓపిక అక్కరలేదు, పది నిమిషాలలో ఒకటి పడుతుంది. పెద్దవారు ఒకరు చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి. పిల్లవానికి ఈత వచ్చినా సరే.